ఎడమకు వంచిన నాలుక

ఫిబ్రవరి 6

మామయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. అత్తయ్యను కూడా పిలువు. నీ ముక్కుపిల్ల ఇక మూటలు కట్టే గదిలో లేదు. ఆరేళ్లు గడ్డి, అట్టముక్కలు, గోనె దారం వాసన పీల్చింది చాల్లే అని మేడ మీదికి పంపారు. పాత బొమ్మల బల్ల ఇప్పుడు నాది. వేలానికి వచ్చే ప్రతి పాత బొమ్మనూ చూసి, ఏ కాలానిదో, ఎవరి పనో, ఎంత పలుకుతుందో రాసి కింద సంతకం పెట్టాలి. మొదటి ఆరు నెలలూ పరీక్షేనట. ఒక్క సంతకం తప్పయిందా, మళ్లీ గడ్డిలోకే.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నలభై ఏళ్ల సుత్తి దెబ్బలకు నీ వినికిడి ఎలా తయారయిందో తెలుసు కదా. నేను అరిస్తే మా ఆఫీసంతా వింటుంది, నువ్వు తప్ప.

మొదటి వస్తువుగా ఏం వచ్చిందో చెప్పనా? తాబేలు ముద్ర రేకు రైలు. కీ ఇస్తే నడిచే ఇంజను, దాని వెనక బొగ్గు పెట్టె, ఆ వెనక ఐదు పెట్టెలు. ఐదే, సరిగ్గానే చదివావు. తాబేలు రైళ్లు ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి గానీ నాలుగు పెట్టెలకు మించి చూడలేదనేవాడివి. అట్ట డబ్బా మూత మీద మాత్రం ఐదు గీసి ఉంటాయి, ఆ ఐదోది ఎక్కడ తప్పిపోయిందో అని భోజనాల దగ్గర కూడా గొణుక్కునేవాడివి. ఇదిగో, నా బల్ల మీద ఉంది. చివరి గార్డు పెట్టె. తెచ్చినాయన పెద్దమనిషే గానీ మతిమరుపు బాగా ఉంది. ఎండ మండిపోతుంటే గొడుగేసుకొచ్చి, పోతూ దాన్ని నా కుర్చీకే తగిలించి పోయాడు.

నువ్వు నేర్పిన వరసలోనే చూశాను. ముందు ముక్కు, తర్వాత చెయ్యి, ఆఖరికి కన్ను. కన్ను ఆశపోతుది, దాన్ని ముందు వదిలితే కొంప ముంచుతుందని నీ మాటే కదా. ఒక్కో పెట్టెనూ గుప్పిట్లో పట్టి వెచ్చచేసి వాసన చూశాను. కొత్త రంగయితే ఆ వేడికి నూనె వాసన కొట్టాలి. పాత పుస్తకాల వాసన తప్ప ఏమీ లేదు. బరువులు సరిపోయాయి. చక్రాలు అసలువే.

ఆ తర్వాత తిప్పి, అడుగున నీ నాలుక కోసం వెతికాను. నీకు చెప్పేదేముంది గానీ ఇవాళ చెప్పాలనిపిస్తోంది. పై రేకుకుండే సన్నటి నాలుకలను అడుగు రేకు చీలికల్లోంచి తీసి వంచుతారు కదా. ఫ్యాక్టరీవాళ్లు అన్నీ కుడికే వంచుతారు. నువ్వు బాగుచేసిన దానికి మాత్రం చివరిది ఎడమకు ఉంటుంది. ఇది అసలు కాదు, నేను ముట్టుకున్నాను అని చెప్పడానికి. ఆ సంగతి తెలిసినవాళ్లం ఈ లోకంలో ఇద్దరమే. ఏ బొమ్మ తిప్పినా అది కనబడితే నాకు నవ్వొస్తుంది, కనబడకపోతే ధైర్యం వస్తుంది. ఇందులో ఐదు పెట్టెలకూ అన్నీ కుడికే ఉన్నాయి.

మామయ్యా, ఆ ఐదో పెట్టె చూడాలి నువ్వు. మిగతా నాలుగింటి కంటే అదే బాగుంది. కిటికీల చుట్టూ వెంట్రుకంత బంగారు గీత, మూల తిరిగేచోట కూడా చెయ్యి వణకలేదు. చిటికెన వేలి గోటితో నెడితే తలుపు జరుగుతుంది. దాన్ని చేసిన మనిషి కనబడితే కాళ్లకు దండం పెడతాను.

ఐదు పెట్టెల సంగతి నీకేమైనా తెలిస్తే రాయి. ఇంకో మాట. అమ్మ బొత్తాల డబ్బా పంపించు. నీలం పిట్ట, పసుపు పండు బొమ్మ ఉన్న పెద్ద బిస్కెట్ల డబ్బా. కొత్త గదిలో కిటికీ దగ్గర పెట్టుకుంటాను.

అత్తయ్యకు నా ముద్దులు, నీకు నా నమస్కారాలు. తారుమారు చేసుకున్నా ఫర్వాలేదు.

నీ ముక్కుపిల్ల


ఫిబ్రవరి 15

ఏమే ముక్కుపిల్లా,

కూర్చునే చదివాను. మీ అత్తయ్య నిలబడే చదివింది, చదివి కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత నా మీద విసుక్కుంది. సంతోషం వచ్చినా కోపం వచ్చినా ఆవిడకు దొరికేది నేనే. ఎనిమిదేళ్ల పిల్లగా మీ అమ్మ కొంగు పట్టుకుని ఈ ఇంటికి వచ్చి, నా పనిబల్ల కింద దూరి రంగు డబ్బాలన్నీ వాసన చూసిన రోజే అన్నాను, ఈ పిల్ల ముక్కుతో బతుకుతుందని. నా నోటి మాట నిజమైంది.

ఐదు పెట్టెల సంగతి అడిగావు. డబ్బా మూత మీద ఐదు గీసినవాడు ఊరికే గీస్తాడా? గీసి ఉంటే ఉండే ఉంటాయి. నేను చూడలేదంటే నేను చూడలేదనే అర్థం. బావిలో కప్పకు సముద్రం సంగతేం తెలుసు. నీ ముక్కుంది, నీ చెయ్యుంది, వాటిని అడుగు.

ఆ గార్డు పెట్టె గురించి మరీ నాలుగు ముక్కలే రాశావు. ఆ గీత మూల తిరిగేచోట ఎలా ఉందన్నావు? పైకప్పు వంపు ఇంజను కప్పుతో కలిసిందా? తలుపు జరిగేటప్పుడు చప్పుడు వస్తుందా రాదా? వివరంగా రాయి. ముసలాడికి కాలక్షేపం.

ఇక్కడ పని తగ్గింది. వారానికి ఒకటో రెండో వస్తున్నాయి, డోలు కొట్టే కోతి, రెక్క ఊడిన విమానం. మొన్నొకావిడ కప్ప బొమ్మ తెచ్చి, ఎగరడం లేదండీ అంది. నాకూ అదే జబ్బమ్మా అన్నాను. నవ్వలేదు.

బొత్తాలన్నీ గుడ్డసంచిలో పోసి పంపుతున్నాను. మీ అమ్మ ఏరి పెట్టుకున్న ముత్యం బొత్తాలు వేరే చిన్న మూటలో ఉన్నాయి చూసుకో. డబ్బా పోస్టులో సొట్టపోతుందని పంపలేదు.

రేకు సంగతి మరిచిపోకు. నాలుక మొదటిసారి వంచితే వంగుతుంది, రెండోసారి ఓర్చుకుంటుంది, మూడోసారి తెగుతుంది. ఊడదీసి చూద్దామన్న బుద్ధి పుట్టినా వేళ్లను అదుపులో పెట్టుకో.

చల్లగా ఉండు.

మామయ్య


ఫిబ్రవరి 24

మామయ్యా,

బొత్తాలు చేరాయి. లెక్కపెట్టలేదు గానీ సంచి విప్పగానే అమ్మ గుర్తొచ్చింది. డబ్బా సొట్టపోతే పోనీ, గడ్డిలో మూటకట్టడం నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఎలా కట్టాలో రాస్తాను, పంపించు. నాకు కావలసింది బొత్తాలు కాదు, ఆ పిట్ట. జ్వరమొస్తే దాని రెక్క మీద వేలు పెట్టి గీసుకుంటూ నిద్రపోయేదాన్ని, నీకు గుర్తుండే ఉంటుంది.

ఇక నీ కాలక్షేపం. పైకప్పు వంపు ఇంజనుతో అచ్చంగా కలిసింది. తలుపు జరిగితే చప్పుడు రాదు, మూసుకున్నప్పుడు మాత్రం టక్కుమంటుంది. బంగారు గీత ఎక్కడ మొదలైందో భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు. మిగతా నాలుగు పెట్టెల గీతలు తొందరలో లాగినవి, రోజుకు వంద లాగాలి కాబట్టి. దీన్ని గీసిన రోజు మాత్రం ఆ పనివాడికి తొందర లేదు. నాకు అలా అనిపించి పైకే అన్నాను. అక్కడ వచ్చింది చిక్కు.

మా ఆఫీసు పెద్దాయన, అదే, కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసం గదులన్నీ వెతుక్కుంటాడని రాశాను చూడు, ఆయన విన్నాడు. "ఫ్యాక్టరీలో తొందర లేని రోజంటూ ఉండదమ్మా, నాకీ పెట్టె మీద అనుమానంగా ఉంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత పని చెయ్యగల మనిషి ఈనాడు ఒక్కడే ఉన్నాడండీ, ఆయన చేతి కింద నేను పెరిగాను, ఆయన చేసి ఉంటే గుర్తు పెట్టకుండా వదలడు, ఆ గుర్తు దీనికి లేదు, అన్నాను. ఏం గుర్తని అడిగాడు. చెప్పలేదు. "ఆ మనిషి మీద నీకంత నమ్మకమా?" అన్నాడు. నమ్మి చెడినవాడు లేడు, నమ్మక బాగుపడినవాడూ లేడు అని నీ సామెతే ఆయన మొహాన కొట్టాను. "అయితే రాసి సంతకం పెట్టు, పూచీ నీది" అని పోయాడు.

పెట్టేశాను మామయ్యా. ఐదు పెట్టెలూ అసలువే, పూర్తి రైలు, ఇంతకుముందు ఎక్కడా కనబడనిది అని. జాబితా పుస్తకం అచ్చుకు వెళ్లింది. వేలం మార్చి ఇరవైన. ఎక్కడెక్కడివాళ్లో వస్తామని రాస్తున్నారు.

పెట్టిన తర్వాత నేను రాసినదాన్నే మూడుసార్లు చదువుకున్నాను. నీకు ఆవగింజంత సందేహం ఉన్నా పదో తారీఖులోపు ఒక్క కార్డు ముక్క రాయి. ఇప్పుడైతే నేనే వెనక్కి తీసుకున్నానని చెప్పుకోవచ్చు, పరువు దక్కుతుంది. నువ్వు సరేనంటే ఇక ఎవరేమన్నా నాకు లెక్కలేదు.

నీ మీద భారం వేసి హాయిగా ఉన్న,
ముక్కుపిల్ల


మార్చి 4

అమ్మాయీ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. గీత సంగతి రాసిన చోట ఇంకోసారి చదివాను.

నీకో మాట చెబుదామనుకుంటూ మొదలుపెట్టాను. ముఖ్యమైనదేం కాదులే.

నలభై ఏళ్లు ఈ బల్ల ముందు కూర్చున్నాను. ఎన్ని ఇంజన్లకు చక్రాలు వేశానో, ఎన్ని గుర్రాలకు కాళ్లు అతికించానో నాకే తెలియదు. బాగుపడిన బొమ్మ పట్టుకుని సంతోషంగా వెళ్లిపోతారు. ఇది ఎవరు చేశారని ఆ బొమ్మను చూసి ఎవరైనా అడిగారో లేదో నాకు ఒక్కరూ చెప్పలేదు. మరమ్మతువాడి పని బాగుంటే వాడు కనబడడు. బాగా లేకపోతే వీధి వీధంతా కనబడతాడు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఊరికే. పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు.

డబ్బా మాట మళ్లీ ఎత్తావు. దానికి తుప్పు పట్టిందే. అడుగు పూర్తిగా పోయింది. వాడకానికి పనికిరాదని తీసేశాం. పాత రేకు ఎన్నాళ్లుంటుంది చెప్పు. బొత్తాలు భద్రంగా ఉన్నాయి కదా, అవి మీ అమ్మవి. డబ్బా ఎవరో బిస్కెట్లవాడిది.

నువ్వడిగిన దానికి జవాబు. ఆ పెట్టె విషయంలో నాకు సందేహమేమీ లేదు.

ఎండలు ముదురుతున్నాయి. నీళ్లు బాగా తాగు.

మామయ్య


మార్చి 12

మామయ్యగారికి,

నిన్న వేలం పోస్టరు కోసం ఫొటో తీయడానికి మనిషి వచ్చాడు. గార్డు పెట్టెను బల్ల మీద పెట్టి పక్కనుంచి దీపం వేశాడు. కిటికీలోంచి లోపల కప్పు మూల ఏదో నీలంగా మెరిసింది. లోపలంతా నల్ల రంగే ఉండాలి. నాకు పదిహేనేళ్లప్పుడు మీరిచ్చిన పళ్ల డాక్టరు అద్దం నా సొరుగులోనే ఉంటుంది. అది దూర్చి చూశాను.

నల్ల రంగు పెచ్చు ఊడిన చోట రెక్క చివర ఉంది. నీలం రెక్క. దాని పక్కన పసుపు పండు అర ముక్క. కళ్లు మూసుకుని వేలితో గీయగలను ఆ రెక్కని. అద్దం జారి లోపల పడింది. దాన్ని బయటికి తీయడానికే పావుగంట పట్టింది. ఫొటో మనిషి నాకు ఒంట్లో బాగాలేదనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మీ ఉత్తరాలు ఫిబ్రవరి పదిహేనుదీ మార్చి నాలుగుదీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. "ఆ పెట్టె విషయంలో నాకు సందేహమేమీ లేదు." నిజమే రాశారు. సందేహమెందుకుంటుంది.

పరాయివాడు మోసం చేస్తే ముక్కుతో పట్టేదాన్ని. మీ పని నా ముక్కుకు అందలేదు, నాలుక చూసి నమ్మేశాను. నా ఒక్కదానికే తెలిసిన గుర్తుతో నన్నొక్కదాన్నే పడగొట్టారు. అందుకు అమ్మ డబ్బానే కావలసి వచ్చిందా?

సంజాయిషీలు వద్దు. దాన్ని మీరు చేశారా, లేదా? అది రాస్తే చాలు.

మేనకోడలు


మార్చి 15

అమ్మాయీ,

చేశాను.

"మీరు" అని రాశావు. తిట్టినా బాగుండేది. మీ అత్తయ్య ఆ ఉత్తరం చదివి, డబ్బా తుప్పు పట్టిందని నాతో కూడా అబద్ధమాడావా అని అడిగింది. అప్పటినుంచి మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

సంజాయిషీ వద్దన్నావు, అయినా రాస్తాను. కోర్టులో దొంగ మాట కూడా వింటారు.

ఆ గొడుగాయన నా దగ్గరికి మూడేళ్లుగా వస్తున్నాడు. నాలుగు పెట్టెల రైలు తెచ్చి, ఐదోది చేసిపెట్టు, నా అద్దాల బీరువాలో పెట్టుకుంటాను, అమ్మను, నా కళ్ల కోసమే అన్నాడు. విరిగిన పాత పెట్టె చక్రాలు కూడా ఆయనే తెచ్చిచ్చాడు. సరేనన్నాను. నాకు పని కావాలి, అది ఒక కారణం. అసలు కారణం అది కాదు. ఆ ఐదో పెట్టె నలభై ఏళ్లుగా నా కళ్లలో తిరుగుతోంది. ఇప్పటి రేకు మందం సరిపోలేదు. ఊరంతా వెతికాను. సరిగ్గా ఆ కాలం రేకు, ఆ మందం, నా ఇంట్లో నా చెల్లెలి డబ్బాలో ఉంది. నెల రోజులు దాని ముందు కూర్చుని లేచాను. ఆఖరికి కత్తిరించాను. కత్తెర పెట్టేటప్పుడు గోడ మీది మీ అమ్మ ఫొటోకు చెప్పుకున్నాను. ఆవిడ ఏమంటుంది, ఎప్పుడూ నా మాటకు ఎదురు చెప్పలేదు.

ఎనిమిది నెలలు పట్టింది. వాసన పోవడానికి రెండు వేసవులు ఎండబెట్టాను, పాత పుస్తకాల పెట్టెలో మూసి ఉంచాను. చివర నాలుక ఎడమకే వంచాను. నీ మీద ఒట్టు, ఎడమకే. గొడుగాయన తిప్పి చూసి, ఇదొక్కటి వికారంగా ఉందే, కుడికి తిప్పరాదూ అన్నాడు. తిప్పను అని అనాల్సింది. అప్పుడు నాకేమనిపించిందో చెబుతాను. నా జీవితంలో ఒక్క వస్తువైనా ఇది మరమ్మతు అని నా చేత్తో నేనే నొక్కి చెప్పకుండా వదలాలనిపించింది. కుడికి తిప్పాను.

ఇది నీ బల్ల మీదికి వస్తుందని నాకు తెలియదు. నీ మొదటి ఉత్తరంలో గొడుగు మాట చదవగానే తెలిసింది. కాగితం తీశాను. "అది నాదే" అని రాయబోయాను. కింద నువ్వు రాసినది కనబడింది. చేసినవాడి కాళ్లకు దండం పెడతానన్నావు. అంత మాట నాతో ఎవరూ అనలేదే. నేను చేశానని చెబితే అది మరమ్మతయిపోతుంది, చెప్పకపోతే ఎవడో మహానుభావుడి పని. ఇంకో ఉత్తరం దాకా ఆగుదామనుకున్నాను. ఆ ఉత్తరంలో ఇంకా బాగా రాశావు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, కొట్టకు. ఆ పెట్టె మిగతా వాటికి ఎందులో తీసిపోయింది? నువ్వే కదా అన్నిటికంటే బాగుందన్నావు. సంతకం పెట్టావు, పుస్తకం అచ్చయింది. కొన్నవాడు సంతోషంగా కొనుక్కుంటాడు. లోపల పెచ్చు ఊడినచోట చుక్క నల్లరంగు వేస్తే ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లం మనిద్దరమే, నీ ఉద్యోగం నిలబడుతుంది. నా కోసం కాదు, నీ కోసమే చెబుతున్నాను.

మామయ్య


మార్చి 22

మామయ్యగారికి,

మీ ఉత్తరం పద్ధెనిమిదో తారీఖున వచ్చింది. మొదటి ముక్క చదివి మొహం కడుక్కుని వచ్చి మిగతాది చదివాను. ఆఖరి పేరా చదవకుండా ఉండాల్సింది. డబ్బా కత్తిరించినందుకు ఏనాటికైనా కోపం పోతుందేమో. చుక్క నల్లరంగు నా చేత వేయించాలని చూసినందుకు పోదు. రంగు మీద రంగు వేసి దాచేవాడితో చెయ్యి కలపొద్దని నాకు చెప్పింది మీరే.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని నేరుగా పెద్దాయన గదికి వెళ్లాను. నా సంతకం తప్పండీ, ఐదో పెట్టె అసలు కాదు అన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్లద్దాలు నుదుటి మీది నుంచి దింపుకుని, "ఎవరు చేశారు?" అని అడిగాడు. చేసినవాడి పేరు తెలియకపోతే, తెచ్చినాయనా నేనూ కలిసి ఆడిన నాటకమనుకుంటారట. నిజమే కదా. 

వేలం నాలుగు పెట్టెలతోనే జరిగింది. అచ్చయిన ప్రతి పుస్తకంలోనూ ఆ పేజీ మీద చీటీ అతికించాం. నాలుగు వందల చీటీలు. జిగురు నేనే రాశాను. ఒకటి దీనితో పంపుతున్నాను, చూడండి. "ఈ రైలులోని ఐదో పెట్టె తరువాతి కాలంలో చేసిన నకలు. చేసినవారు" అని ఉండి, పక్కన మీ పేరు, మీ వీధి, మీ ఊరు అచ్చులో ఉన్నాయి. ఇది ఎవరు చేశారని నలభై ఏళ్లలో ఒక్కరూ అడగలేదని రాశారు. అడిగారు. చెప్పాను.

గొడుగాయన ఆ పెట్టె తనది కానే కాదన్నాడు. గొడుగు మాత్రం గుర్తుపెట్టుకుని తీసుకుపోయాడు. పెట్టెను వేరే పార్శిల్‌లో మీకు పంపాను. దాని చివరి నాలుక ఎడమకు వంచండి. మీరు ఇక నాకు చెయ్యాల్సింది అదొక్కటే.

సోమవారం నుంచి మూటల గదిలోనే ఉన్నాను. గడ్డి మారింది, ఇప్పుడు కాగితం పీచు వాడుతున్నారు. వాసన లేదు. నమ్మి చెడినవాడు లేడంటారు కదా మీరు. ఒకత్తె ఉందని మార్చుకోండి ఆ సామెత.

మేనకోడలు


ఏప్రిల్ 2

అమ్మా,

పార్శిల్ వచ్చింది. నువ్వు కట్టిన మూటే, నాకు తెలుసు. దారం ముడి చూస్తే తెలిసింది. ఒక్క గీత పడలేదు.

నువ్వు చెప్పినట్టే చేద్దామని కూర్చున్నాను. పటకారుతో పట్టుకున్నాను. మొదట ఎడమకు వంచాను, ఆయన మాట విని కుడికి తిప్పాను. ఇది మూడోసారి. నీకు నేనే రాశాను ఆ సంగతి, నేనే మరిచిపోయాను. మెల్లగా, ఊపిరి బిగబట్టి వంచాను. టిక్కుమంది. తెగిన నాలుకను ఈ కవరులోనే కాగితంలో చుట్టి పెట్టాను. విప్పేటప్పుడు జాగ్రత్త, అంచు కోస్తుంది.

నీ చీటీ చూసి ఇద్దరు మనుషులు వచ్చారు నా కోసం. ఇంతకు పూర్వం నా అంగడి వెతుక్కుంటూ అంత దూరం నుంచి వచ్చినవాళ్లు లేరు. ఎంత మర్యాదగా మాట్లాడారనుకున్నావు, గురువుగారూ అన్నారు. మీలాంటి చెయ్యి దేశంలో లేదన్నారు. తర్వాత ఒకడు ఇంజను తీశాడు, ఇంకొకడు పడవ తీశాడు, గుర్తు లేకుండా చెయ్యాలన్నారు. కూర్చున్నచోటి నుంచే తలుపు చూపించాను. పొగిడించుకోవడం అంటే ఇదేనన్నమాట. తగిన శాస్తి.

ఆ నీలం రెక్క ఉన్న కప్పు ముక్కను జాగ్రత్తగా విప్పి, నల్లరంగు కడిగి, సాపు చేసి నీకు పంపనా అని మీ అత్తయ్యను అడిగాను. పద్ధెనిమిది రోజుల తర్వాత నోరు విప్పి, ఇంక దేన్నీ ముట్టుకోకు అంది.

తప్పు చేశాను తల్లీ. నిన్ను మోసం చేశాను. సామెతలు లేకుండా రాయమంటే నాకొచ్చింది ఇంతే. ఒక్కసారి "నువ్వు" అని తిడుతూ రాయి.

మామయ్య


ఏప్రిల్ 11

మామయ్యగారికి,

కవరు అందింది. నాలుకను బొత్తాల సంచిలో వేశాను. వేలు కోసుకోలేదు.

అత్తయ్య చెప్పిందే మంచిది. కప్పు ముక్కను అలాగే ఉంచండి.

మూటల గదిలో నాకు బాగానే ఉంది. బల్ల దగ్గరికి కొత్తగా ఒకావిడను తెచ్చారు. పని తెలిసినావిడే గానీ రేకు బొమ్మలు తెలియవు. అనుమానం వచ్చినప్పుడు కిందికి పంపి నన్నడుగుతుంది. నేను చూసి కాగితం మీద రాసిస్తాను, సంతకం ఆవిడ పెడుతుంది.

నిన్న రేకు పడవ ఒకటి పంపింది. ఎర్రది, రెండు పొగగొట్టాలు. తిప్పి చూస్తే చివరి నాలుక ఎడమకు వంగి ఉంది. మీ పనే. ఇరవై ఏళ్ల కిందటిది అయ్యుంటుంది, అప్పట్లో మీరు అంచులు ఇంకాస్త వెడల్పుగా మడిచేవారు. నాకు నవ్వు రాలేదు. గుప్పిట్లో వెచ్చచేసి వాసన చూశాను. బరువు తూచాను. అద్దం దూర్చి లోపల నాలుగు మూలలూ చూశాను. మళ్లీ మొదటినుంచి చూశాను. మరమ్మతు చేసినది, చేసినవారు మీరు అని రాసి పైకి పంపేసరికి గంటన్నర పట్టింది.

ఇంతకుముందైతే నిమిషం పట్టేది.

మేనకోడలు